స్వాతికి వచ్చిన కుట్టుమిషన్ గుర్తు

సరోజా,

హమ్మయ్య, మన స్వాతికి కోరుకున్న కుట్టుమిషన్ గుర్తే వచ్చింది! సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఎమ్మెల్యే ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడింది నీ కూతురు. ఐటీ ఆఫీసులు ఊడ్చే ఆడవాళ్లకు సరైన జీతాలు ఇప్పిస్తానంటోంది. ఇంకో అభ్యర్థి కూడా మిషన్ గుర్తే అడగడంతో ఇవాళ చీటీలు తీశారు. చీటీలో మన స్వాతి పేరే వచ్చింది.

సాయంత్రం హఫీజ్‌పేట్‌లో ఇల్లిల్లూ తిరిగాం. ఒకామె తలుపు సగమే తెరిచి, "ఏ పార్టీ?" అంది. స్వాతి ఫోన్‌లో గుర్తు చూపించింది. ఆమె స్వాతి మొహంలోకి పరీక్షగా చూసి, "మిషన్ సరోజక్క బిడ్డవా? గీ మాట ముందుగాల్నే చెప్పొద్దా! లోపలికి రా, చాయ్ తాగిపో" అంది. ఆమె తొడుక్కున్న జాకెట్ నువ్వు కుట్టిందేనట.

గెలుస్తుందో లేదో తెలియదు. మన పిల్ల మొహం మీద తలుపులు వేస్తారన్న భయం మాత్రం పోయింది.

ఇంటికి రాగానే, నువ్వు పోయిన రోజు నీ మిషన్ మీద కప్పిన దుప్పటి నేనే తీశాను.