బాక్సులో పడ్డ బాతుల గోల

కొల్లేరు లంక,
నవంబరు 3.

ఏలూరు మొహిద్దీన్ సౌండ్స్ యజమాని మొహిద్దీన్ గారికి, లంక నుంచి నెహెమ్యా వందనాలు చేసి రాసుకున్న ఫిర్యాదు.

"ఫిర్యాదులు కాగితం మీదే స్వీకరిస్తాం" అని మీ బిల్లు వెనక ముద్ర కొట్టారు కాబట్టి ఫోన్ చేయకుండా రాస్తున్నానండి. పోయిన శనివారం మీ దగ్గర ల్యాప్‌టాప్‌కి తగిలించే చిన్న సౌండ్ కార్డు, మైకు కొన్నాను. మీరు దాన్ని అరచేతిలో పెట్టి "జేబులో పట్టే స్టూడియో అండి" అన్నారు. ఆ బాక్సు చెడిపోయిందండి. మా చెల్లెలి కూతురు స్టెల్లా ల్యాప్‌టాప్‌కి తగిలించి పాట పాడాను. తిరిగి వింటే పాట వెనక చెరువుల్లో చేపలకి గాలి అందించే ఏరేటర్ల రొద, పక్కింటి బాతుల గోల, మా కుక్కరు మూడు కూతలూ ఉన్నాయి. నా ఫోన్లో పాడినప్పుడు వీటిలో ఒక్కటీ వినబడలేదు. కొత్త వస్తువు పాత వస్తువు కన్నా అధ్వానంగా ఉంటే ఎలాగండీ?

ఇది సరదా కోసం కొన్నది కాదు. మా ఆవిడ ఎలిజబెత్ కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. ఇంటికి శ్లాబు వేయాలని వెళ్ళింది. శ్లాబు అయిపోయింది, రెండేళ్ళూ అయిపోవస్తున్నాయి. పదిహేనో తారీఖున ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమని అక్కడి అమ్మగారు అడుగుతున్నారట. పెళ్ళైన కొత్తలో పడవలో పాడిన పాట ఫోన్లో పాడి పంపితే "ఏదో తక్కువైందండీ" అంది. అందుకని మంచి క్వాలిటీతో పంపుదామనుకున్నాను. ఆవిడది తాడేపల్లిగూడెం. కాపురానికొచ్చిన కొత్తలో మా చెరువుల ఇంజన్ల రొదకి నిద్రపట్టక ఏడ్చేది. మళ్ళీ ఆ రొదే పంపితే సంతకం పెట్టక ఏం చేస్తుంది?

ఇట్లు,
నెహెమ్యా

తా.క.: ఈ ఉత్తరం చేపల వ్యానులో వస్తోంది. వాసనకి క్షమించాలి.


ఏలూరు,
నవంబరు 5.

నెహెమ్యా గారికి మొహిద్దీన్ సలాం.

మీ ఉత్తరం చేరింది. దాని వెనకాలే ఒక పిల్లి కూడా చేరింది.

బాక్సు చెడిపోలేదండి. మరీ బాగుంది, అదీ చిక్కు. ఫోను తెలివైంది. మాట ఒక్కటి ఉంచి చుట్టూ ఉన్న చప్పుడు తీసేస్తుంది. ఈ బాక్సుకి ఆ తెలివి లేదు, ఉన్నదున్నట్టు వింటుంది. కాబట్టి చప్పుడు లేకుండా చూసుకోవలసింది మీరే. తలుపులు వేయండి, ఫ్యాను ఆపండి. గెయిన్ అని రాసిన నాబ్ కాస్త తగ్గించి, మైకుకి జానెడు దూరంలో పాడండి. గోడలకి బొంతలు కట్టండి. నిశ్శబ్దం ఉంటేగాని పాట తేలదు. ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, నా మాట నమ్మండి.

ఇట్లు,
మొహిద్దీన్

తా.క.: ఎర్ర లైటు వెలుగుతోందంటే రికార్డవుతున్నట్టు. పాట అవగానే ఆపండి. చాలామంది మరచిపోతారు.


కొల్లేరు లంక,
నవంబరు 9.

మొహిద్దీన్ గారికి నెహెమ్యా మళ్ళీ వందనాలు.

మీరు చెప్పినవన్నీ చేశానండి. తలుపులు మూసి పాడితే కొత్త శ్లాబు నా పాటని రెండోసారి పాడుతోంది. తాటాకు ఇంట్లో ఎంత అరిచినా ఎదురు పలికేది కాదు. ఆ శ్లాబు కోసం ఆవిడని అంత దూరం పంపించి, దాని కింద ఒక్కణ్ణే కూర్చుని నా గొంతు నేనే రెండుసార్లు వింటున్నాను. ఏం బాగుంటుంది చెప్పండి.

గోడలకి కట్టడానికి బొంతలు చాలక, ఉన్న రెండూ నేనే కప్పుకుని, లోపల ల్యాప్‌టాప్ పెట్టుకుని పాడాను. మూడో చరణానికి ఊపిరాడలేదు. స్టెల్లా బొంతలు లాగేసి మంచినీళ్ళు పట్టింది. అవి ఎలిజబెత్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొంతలండి. ఇంకా ఆవిడ వాసనే వస్తున్నట్టనిపించి పాట మధ్యలో ఆపేశాను. తర్వాత ముక్కు చీదిన చప్పుడు మాత్రం మీ బాక్సు చాలా క్వాలిటీగా పట్టింది.

ఇంక ఏరేటర్లే మిగిలాయి. నేను మేత వేసే చెరువు బాలస్వామి గారిది. ఒక్క అయిదు నిమిషాలు ఏరేటర్లు ఆపమని అడిగాను. ఆలోచిస్తానన్నారు.

ఇట్లు,
నెహెమ్యా

తా.క.: బాతులు అరవకుండా ఉండటానికి మీ దగ్గర ఏమైనా పరికరం ఉందా?


ఏలూరు,
నవంబరు 11.

నెహెమ్యా గారికి మొహిద్దీన్ కంగారుగా రాస్తున్నది.

వద్దండీ! నిశ్శబ్దం అన్నాను గాని చేపల ప్రాణాలు తీయమనలేదు. ఏరేటర్ల జోలికి పోకండి.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. "వచ్చెయ్యి" అని ఆవిడతో అన్నారా? మా నసీమా పుట్టింటికి వెళ్ళి నెల దాటినా నేను ఆ మాట అనలేక, "కొత్త స్పీకర్లు వచ్చాయి, చూద్దువుగాని రా" అని కబురు పెట్టేవాణ్ణి. ఆవిడకి స్పీకర్లంటే గిట్టదు. అయినా వచ్చేసేది. ఆవిడ పోయి అయిదేళ్ళైందండి. షాపు నిండా రికార్డు చేసే సామానే, ఆవిడ గొంతు మాత్రం ఒక్క ముక్క లేదు. పాటలు తర్వాత పాడుకోవచ్చు, ముందు ఆ మాట అనండి.

ఇట్లు,
మొహిద్దీన్

తా.క.: బాతులకి పరికరం లేదు. పిల్లులు మూడయ్యాయి. వాటికి మీ దగ్గర ఏమైనా ఉంటే చెప్పండి.


కొల్లేరు లంక,
నవంబరు 18.

మొహిద్దీన్ గారికి, తల ఎత్తుకోలేని నెహెమ్యా వందనాలు.

మీ ఉత్తరం ఒక పూట ఆలస్యంగా అందింది. అప్పటికే ఆపేశాం. బాతులు లేవకముందు, తెల్లారగట్ల. శ్లాబు ఎదురు పలక్కుండా చెరువు గట్టు మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని పాడాను. ఆ వేళ నీళ్ళలో గాలి తక్కువని నాకు తెలియక కాదండి, తెలిసే అడిగాను. అంత పిచ్చి పట్టింది. అయిదు నిమిషాలన్నది పాట కుదరక అరగంటైంది. ఒక్క పాట శుభ్రంగా వచ్చిందనుకునే సరికి చేపలు నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. బాలస్వామి గారు లుంగీ ఎగ్గట్టి ఏరేటర్లు వేయడానికి పరుగు. నేను వెనకాల. చేపలు బతికాయి, నా పనీ పోలేదు.

ఆ సాయంత్రమే పాట ఎలిజబెత్‌కి పంపాను. పంపాక స్టెల్లా విని తల పట్టుకుంది. అది పాట కాదు. ఇంకోసారి పాడదామని మళ్ళీ వెలిగించిన ఎర్ర లైటు ఆపకుండా పరుగెత్తాను కదా, ఆ తర్వాతి నలభై నిమిషాలు! తిట్లూ, బాతులూ, మోటార్లూ అన్నీ. వెంటనే అసలు పాట పంపాను. ఆవిడ ఆ గోలంతా విన్నట్టు వాట్సాప్‌లో నీలి గీతలు పడ్డాయి, పాటకి మాత్రం పడలేదు. అప్పట్నించీ ఫోన్ కూడా లేదు. పదిహేనో తారీఖు దాటిపోయింది. సంతకం పెట్టావా అని అడగడానికి నాకు నోరు రావడం లేదు.

మీరు అడిగినదానికి జవాబు: అనలేదండి. ఆవిడ అడిగినప్పుడల్లా "నీ ఇష్టం" అన్నాను.

ఇట్లు,
నెహెమ్యా

తా.క.: బాక్సు వాపసు తీసుకుంటారా? కొంచెం బొంత దూది అంటుకుంది.


మీ షాపు మెట్ల మీద నుంచి,
నవంబరు 28, శుక్రవారం.

మొహిద్దీన్ అన్నయ్య గారికి, మీరెప్పుడూ చూడని చెల్లెలు ఎలిజబెత్ నమస్కారాలు.

నేను నెహెమ్యా గారి భార్యనండి. ఇప్పుడే రైలు దిగాను. మీరు నమాజుకి వెళ్ళినట్టున్నారు, షాపు మూసి ఉంది. మూడు పిల్లులు కూర్చున్న షాపని స్టెల్లా గుర్తు చెప్పింది. ఇప్పుడు నాలుగున్నాయి. చేపల వ్యాను కదిలేలోగా ఇది రాసి షట్టరు కింద నుంచి తోసి వెళ్ళిపోతాను. నేను వస్తున్నట్టు ఆయనకి ఇంకా తెలియదు.

ఆ నలభై నిమిషాలూ విన్నానండి. రోజూ వింటూనే ఉన్నాను. అక్కడ నేనుండే గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. రెండేళ్ళూ నాకు సరిగా నిద్రలేదు. ఏరేటర్లు మళ్ళీ మొదలైన చప్పుడు చెవిన పడగానే మా ఇంట్లో మంచం మీద ఉన్నట్టే అనిపించి ఏడ్చేశాను. ఫోన్లో పాటకి తక్కువైంది అదేనని అప్పటిదాకా నాకూ తెలియదు.

ముప్పై ఒకటో నిమిషంలో బాలస్వామి గారు "పాట కోసం చెరువు చంపేస్తావటయ్యా!" అని తిట్టారు. దానికి మా ఆయన అన్నారు కదా: "పాట కోసం కాదండి బాబూ. ఆవిడింక రాదేమోనని భయంగా ఉందండి." రెండేళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూశాను. నాతో అనలేక చెరువు గట్టు మీద ఊరందరి ముందూ అన్నారు.

సంతకం పెట్టలేదు. టిక్కెట్టు చేతికొచ్చేదాకా ఫోన్ చేస్తే ఏడ్చేస్తానని చేయలేదు. ఆయన బాక్సు వాపసు తెస్తే మాత్రం తీసుకోకండి. నసీమా గారి గొంతు ఒక్క ముక్క లేదని మీరు రాసిన మాట స్టెల్లా చెప్పింది. మేమిద్దరం ఉండగానే ఇద్దరి గొంతులూ దాంట్లో పెట్టుకుంటాం.

ఇట్లు,
ఎలిజబెత్

తా.క.: అసలు పాట నేను వినలేదండి. ఆయన పాట బాగోదు. పద్దెనిమిదేళ్ళుగా చెప్పలేకపోయాను. అది మీ బాక్సు తప్పు కాదు.