ఓబులేసుకు ఫోను ఇచ్చిన మాట

సువార్తా,
అన్నం వండాను, చారు వేడి చేసుకో. ట్యాంకులో నీళ్లు సగమే ఉన్నాయి, చూసి వాడు.

ఓబులేసు భార్య రామక్క పొద్దున ఆసుపత్రిలో చనిపోయింది. మట్టి చేసేలోగా విడపనకల్లు చేరాలి.

స్నేహితులకు నా బదులు జవాబులివ్వమని ఫోనులోని అసిస్టెంటుకు అప్పగించాను కదా. వారం కిందట ఓబులేసు, "రామక్కను ఆసుపత్రిలో చేర్చినా. ఒక్కన్నే ఉండా, రాప్పా" అని రాశాడు. "రేపే వస్తాను" అని అది జవాబిచ్చింది. నేను చూడనే లేదు. వాడు రోజూ ఆసుపత్రి నుంచి బస్టాండుకు పోయి నాకోసం చూశాడట.

ఇందాక ఫోను చేసి ఇదంతా చెప్పి, "ఇంగ రావద్దులే ఇమ్మానుయేలూ" అని పెట్టేశాడు. అయినా పోతున్నాను. ఆ మాట నాది కాదంటే వాడికి ఇంకా అవమానం. చెప్పకపోతే నేను మాట తప్పినవాణ్ని.

"పలకరింపులకు కూడా కూలిమనిషిని పెట్టుకుంటావా?" అని నువ్వు అడిగినప్పుడు నవ్వాను.