మరియంబీ సొమ్ములో మచ్చ లేదని రాసివ్వండి

ఏలూరు,
తంగెళ్ళమూడి.

బ్యాంకు ప్రాంతీయ మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా ఖాతాను, నా భార్య మరియంబీ ఖాతాను ముందస్తు నోటీసు లేకుండా మూసివేసినందున, కారణం లిఖితపూర్వకంగా ఇప్పించమని కోరుట గురించి.

1. నేను షేక్ ఇమాం సాహెబ్ అనువాడను. తివాచీలు నేసి జీవించుచున్నాను. నా భార్య మగ్గానికి ఉన్ని దారం చుట్టి ఇచ్చేది. తన వంతు కూలి తన ఖాతాలో దాచుకునేది. ఎప్పటికైనా మక్కాకు ఉమ్రా యాత్ర వెళ్ళాలని ఆమె కోరిక. ఆ సొమ్ములో అప్పు ఉండరాదు, ఒకరి కన్నీరు ఉండరాదు అని ఆమె పట్టుదల. పండక్కి చీర కొంటానంటే, "అదీ అందులోనే వేసెయ్యండి" అనేది.

2. గత వేసవిలో ఒక పెద్ద తివాచీని, ఫోనులో ఫొటో చూసి వచ్చిన ఒకాయనకు అమ్మితిని. ఆయన ఫోను ద్వారానే డబ్బు వేసెను. అందులో మరియంబీకి రావలసిన కూలిని ఆమె ఖాతాకు పంపితిని.

3. యాత్ర బృందానికి డబ్బు కట్టవలసిన రోజున మేమిద్దరం తమ శాఖకు వెళ్ళగా, రెండు ఖాతాలూ మూసివేయబడినవని తెలిసినది. శాఖ మేనేజరు ఫణీంద్ర గారు మమ్మల్ని కూర్చోబెట్టి ఇట్లు చెప్పిరి: "మీకు డబ్బు వేసినాయన ఎవర్నో మోసం చేశాడటండీ. ఆ డబ్బు వెళ్ళిన ఖాతాలన్నీ పైవాళ్ళు మూసేశారండీ. నా చేతుల్లో ఏమీ లేదండీ."

మరియంబీ అడిగింది: "అయితే బాబూ, మాది దొంగ సొమ్మా అండీ?"

ఆయన తల దించుకున్నారు. సదరు ప్రశ్నకు జవాబు నేటి వరకు ఇవ్వబడలేదు.

4. నేను పోలీసు స్టేషనుకు వెళ్ళి తివాచీ అమ్మిన రసీదు చూపితిని. నా తప్పేమీ లేదని వారు రాసిచ్చిరి. ఆ కాగితం తమ ఆఫీసుకు పంపగా, "మూసివేత నిర్ణయం అంతిమం, మిగులు సొమ్ము డ్రాఫ్టుగా పంపబడును" అని జవాబు వచ్చెను. కారణం లేదు. ఈలోగా బృందం బయలుదేరిపోయినది.

5. ఈ సంగతి అర్జీలో రాయవచ్చునో లేదో నాకు తెలియదు. బృందం వెళ్ళిన నాటి నుంచి ఆమె దారం ముట్టలేదు. ఒకసారి అడిగింది. "ఏవండీ, మన డబ్బులో ఎవరి ఉసురైనా కలిసిందా?"

లేదన్నాను.

"మీరు అబద్ధమాడరు. కానీ మనకి తెలియనిది పైవాడికి తెలుస్తుంది కదండీ. అందుకే రావద్దన్నాడేమో."

ఎంత చెప్పినా ఆమె మనసు కుదుటపడలేదు. నమాజు అయ్యాక కూడా లేవకుండా అక్కడే కూర్చుని ఏడ్చేది. వానలు మొదలవగానే గుండె ఆగి పోయింది. ఆమెకు గుండె జబ్బు ముందునుంచీ ఉన్నది. ఆమె చావును తమ బ్యాంకు మీద వేయుట లేదు. కానీ ఆమె ఆ అనుమానంతో పోయింది. ఆ అనుమానం మాత్రం మీరు పెట్టిందేనండీ.

6. డ్రాఫ్టులు ఆ తరువాత వచ్చినవి. వేసుకొనుటకు నాకు ఖాతా లేదు. వేరే బ్యాంకుల వారు "పాతది ఎందుకు మూశారు?" అని అడుగుచున్నారు. అందుకు జవాబు తమ వద్దనే కలదు.

కావున ఖాతా తిరిగి తెరవమని నేను అడుగుట లేదు. మరియంబీ సొమ్ము కష్టార్జితమేనని, అందులో ఏ మచ్చా లేదని, తమ సంతకంతో ఒక్క వాక్యం ఇప్పించవలెను. ఖబరస్తానుకు తీసుకెళ్ళి ఆమెకు చదివి వినిపించుకొందును. తమరు దయతో చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
షేక్ ఇమాం సాహెబ్

తా.క.: ఫణీంద్ర గారి పేరు రాసినందుకు ఆయన మీద ఏ చర్యా తీసుకోకండి. మరియంబీ పోయిన రోజున ఎవరు చెప్పారో ఏమో, బ్యాంకు నుంచి ఉన్నపళంగా వచ్చేశాడు. మా వాళ్ళతో పాటు జనాజాకు భుజం పట్టాడు. అందరూ వెళ్ళిపోయాక నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు 'కాదమ్మా' అని ఒక్క మాట అనలేకపోయానండీ" అని ఏడ్చాడు.

"ఇప్పుడు అను బాబూ" అన్నాను.

వంగి, ఆమె సమాధి మట్టి మీద చెయ్యి వేసి, "కాదమ్మా" అన్నాడు.

ఆమెకు వినబడిందో లేదో నాకు తెలియదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నానండీ.