బయమ్మ నమిలిన కొడగు చిగురు

ధర్మవరం,
మే నెల, 1983.

సౌభాగ్యవతి రామలక్ష్మికి ఆదెన్న రాస్తున్నది. ఇక్కడ ముగ్గురమూ క్షేమం. ఒట్టు, నిజం. కింద ఏం రాసినా ముందు ఈ మాట నమ్ము. నెలలు నిండిన మనిషివి, కూర్చుని చదువు.

నువ్వు కాన్పుకు వెళ్లిన ముదిగుబ్బలో తాగను నీళ్లు లేవని బిడ్డ బయమ్మను నా దగ్గరే ఉంచుకున్నాను కదా. ఇక్కడా బోరింగు దగ్గర బిందెల కొట్లాటే. అయినా మీ అన్న రామాంజులు కొడగు కాఫీ తోట నుంచి తెచ్చిచ్చిన ఆ చెట్టు మాత్రం మగ్గం పక్కన పచ్చగా ఉంది. పట్టుదారం తెగకుండా చల్లే నీళ్ల తేమే దాన్ని కాపాడుతోంది. నువ్వడిగావు గనక చెప్తున్నా, నీళ్లు మొదలు దగ్గర కాదు, మీ అన్న చెప్పినట్టు నెత్తి మీదే పోస్తున్నాను. ఏం చెట్టో ఏమో! పూత లేదు, కాయ లేదు, మానంతా ఎలుగుబంటి కాలు మాదిరి బొచ్చు. ఆకు కింద గోధుమరంగు పొడి చూసి పురుగనుకున్నా, దాంతోనే మొలుస్తుందట.

"మీ అమ్మ బయమ్మను ఎట్లా చూస్తోంది?" అనీ అడిగావు. నీ మొదటి పెనిమిటి బిడ్డ అని అమ్మ దాన్ని "ఆ పిల్ల" అనడమే గానీ ఎప్పుడూ ఎత్తుకోలేదు. నీ భయం నాకు తెలుసు. జవాబు రాస్తున్నా, చివరిదాకా చదువు.

శుక్రవారం నేను మగ్గం గుంతలో ఉన్నాను. తిరిగి చూస్తే, బయమ్మ ఆ చెట్టు చిగురు విరిచి నములుతోంది! నోటినిండా బొచ్చు. కొండవాళ్లు ఉడకబెట్టి తింటారు గానీ పచ్చిది తినొద్దని మీ అన్న చెప్పిపోయాడే! బిడ్డనెత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తాను. మిగిలిన చిగురు పట్టుకుని అమ్మ నా వెనకే వచ్చింది.

డాక్టరు ఆ చిగురును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇట్లాంటిది నేను చూడనే లేదు. విషమో కాదో ఎట్లా చెప్పేది?" అన్నాడు.

అంతే, అమ్మ ఆయన చేతిలోది లాక్కుని కరకరా నమిలి మింగేసింది.

"ఏం పనమ్మా ఇది!" అని అరిచాడు డాక్టరు.

"బిడ్డకింకా మాటలు రాలేదు. నొప్పి యాడుండాదో అదేం చెప్తాది? నేను చెప్తా. నన్ను చూసి దానికి మందియ్యి సామీ."

"నువ్వేమవుతావు ఈ బిడ్డకు?"

"అవ్వను" అనింది అమ్మ. "దీని అవ్వను."

బయమ్మ వాంతి చేసుకుని సాయంత్రానికే తేరుకుంది. అమ్మ మాత్రం కడుపునొప్పితో ఇంకా మంచం మీదే ఉంది, భయమేమీ లేదన్నాడు డాక్టరు. చెట్టు పీకేస్తానంటే వద్దంది, చుట్టూ కంప కట్టాను. ఇది రాస్తుంటే బిడ్డను పొట్ట మీద పడుకోబెట్టుకుని, "దాని కోసం ఆత్రపడి రావద్దని రాయి నాయనా. నా దగ్గరే ఉండాది కదా" అంటోంది.

ఇట్లు,
మన బయమ్మ నాయన,
ఆదెన్న