దానంతటదే నడిచే బాణం

రింగ్ రోడ్, సూరత్
9 ఆగస్టు 2024

పుణెలో ఉన్న తమ్ముడు దినేశ్‌కు అక్క సుమన దీవెనలు. నువ్వు సల్లంగ ఉండాలె.

తమ్మీ, ఇక్కడ అమ్మ, పిల్లలు మంచిగున్నరు. నాకే మనసు మనసుల లేదు. ఫోన్‌ల చెప్తే పక్క సీటు వింటదని రాఖీ కవర్‌లనే ఈ కాగితం పెడుతున్న.

పక్క సీటంటే సంధ్య. కామ్‌రేజ్ నుంచి వస్తది, నాలెక్కనే చీరల డిజైన్లు గీస్తది. పోయిన వారం నువ్వు రాసిచ్చిన మన డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త ఫైల్ పంపితే, నేను ఎక్కిస్త అక్కా అని ఎగబడి నా కంప్యూటర్ ముందట కూసున్నది. అప్పటి సంది నా మౌస్‌కు దయ్యం పట్టింది. బార్డర్ మీద ఒక పువ్వు గీసి వేలు తీస్తనో లేదో, బాణం గుర్తు ఎగిరి రంగుల పెట్టె మీదికి పోతది. రంగు తీసుకోంగనే మళ్ళ పువ్వు కాడికే వస్తది. నా చెయ్యి కదలనే లేదు! ఎవరో లోపల జొరబడి నడుపుతున్నరు. నేను ఉలిక్కిపడితే సంధ్య చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వుతది. అంతకు ముందే నీ నంబర్ గూడ అడిగి తీసుకున్నది, ఎందుకో? దీపావళికని దాచి గీస్తున్న నా మొగలిరేకుల బార్డర్ పక్క మార్కెట్‌ల అమ్ముకుంటదని నా అనుమానం.

మౌస్ అడ్డం ఎంతల ఉన్నది, నిలువు ఎంతల ఉన్నది, ప్రోగ్రాంకు ఎప్పుడూ తెలుస్తదని నువ్వే చెప్పినవు గదా. జర అదంతా ఎప్పటికప్పుడు రాసి ఉంచేటట్టు చెయ్యి. నా చెయ్యి లేకుండ బాణం కదిలిందని తేలితే దొంగ దొరికినట్టే.

నేనైతే ఊకోలే. పొద్దుగాలనే మా ఓనర్ సేఠ్‌కు నా అనుమానం చెప్పిన. రేపటి సంది రావద్దని ఆమెకు చెప్పిండు. ఇల్లంత ఆ పిల్ల జీతం మీదనే నడుస్తదంట. అయితే నన్నేం చెయ్యమంటవు? పాముకు పాలు పోసుడు నాతోని కాదు.

రాఖీ కట్టుకున్నంక ఫోటో పంపు.

నీ అక్క
సుమన

తా.క. కవర్ అంటిస్తుంటే సంధ్య తన టిఫిన్ డబ్బా కోసం వచ్చింది. ఏడ్చి ఏడ్చి కండ్లు ఎర్రగైనయి. సేఠ్ ఎందుకు వద్దన్నడో తెల్వదంట. పోతూ పోతూ, చెయ్యి నొప్పి తగ్గిందా అక్కా అని అడిగింది. తెలిస్తే పనిల నుంచి తీసేస్తరని నా మణికట్టు నొప్పి ఎవ్వరికీ చెప్పలే. నీకెట్ల తెలుసని గట్టిగ అడిగితే అప్పుడు చెప్పింది. నేను చాటుకు రుమాలు కట్టుకునుడు చూసి ఆమెనే నీకు ఫోన్ చేసిందంట. చెయ్యి రంగుల పెట్టె దాక తిప్పే పని లేకుండ బాణమే పోయి వచ్చేటట్టు నువ్వే రాసినవంట! సాయం అంటే అక్క మీద పడి కరుస్తది, చెప్పకు అని ఆ పిల్ల నోరు గూడ మూయించినవంట. ఒక్క మాట చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలుతయారా?

సిగ్గుతోని సచ్చిపోతున్న తమ్మీ. నా చెయ్యి సంగతి చెప్పకుండ ఆ పిల్ల తప్పు లేదని సేఠ్‌ను నమ్మించలేను. చెప్తే ఇద్దరినీ ఉంచుతడో, నన్నే పొమ్మంటడో. సంధ్యను మెట్ల మీద కూసోబెట్టిన, నేను వచ్చేదాక కదలొద్దని. లోపలికి సేఠ్ కాడికి పోతున్న.