ఆడని రోజుల లెక్క

ఓడ నర్సమ్మ గారికి,

ఇంటాయన ప్రేమగా రాసేది. ఇక్కడ నేనూ, పిల్లా, అత్తయ్యా కులాసాగానే ఉన్నాం. నువ్వూ, నీ ఓడా, దగ్గుకీ తుమ్ముకీ మందులంటూ నీ గది ముందు వరస కట్టే ఆ జనమూ అక్కడ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం ఓడ కంపెనీ ఆఫీసు నుంచి శనివారం వచ్చింది. ముందు అత్తయ్య చదివింది, తర్వాత పిల్ల పైకి చదివింది, మళ్లీ అత్తయ్య చదివింది. కన్నతల్లికీ కన్నకూతురికీ అయ్యాక కదా కట్టుకున్నవాడు! నా చేతికొచ్చేసరికి కాగితం మెత్తబడిపోయింది. నువ్వు నాకొక్కడికే అని విడిగా మడిచిపెట్టిన చిన్న కాగితం మాత్రం ఎవరూ విప్పలేదు. "ఇంకో ఏడాది ఉండమంటున్నారు. వచ్చే రేవులో చెప్పాలి. మీరు ఉండమంటే ఉంటాను, రమ్మంటే వచ్చేస్తాను. మీ మాట రాయండి" అన్నావు. రాస్తాను. ఈ ఉత్తరంలోనే రాస్తాను. కాస్త ఓపిక పట్టు, ముందు మిగతా వాటికి జవాబులు చెప్పనీ.

స్నానాల గదిలో కుళాయి బాగైంది. అంటే కారడం ఆగింది. వేడినీళ్ల వైపు తిప్పితే చన్నీళ్లొస్తాయి, చన్నీళ్ల వైపు తిప్పితే ఏమీ రావు. "పన్నెండంతస్తుల లిఫ్టు బాగుచేస్తాడట, కుళాయి దగ్గర చేతులెత్తేశాడు" అని మీ అమ్మ పక్కింటావిడతో నాకు వినపడేలా చెబుతోంది. ఆవిడ మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు నొప్పి ఉంది. పక్కింటికి కబుర్లకి వెళ్లేటప్పుడు లేదు. పిల్ల జడ నేనే వేస్తున్నాను. ఒక జడ బాగానే కుదురుతోంది. రెండు వేయమంటేనే ఒకటి చెవి మీదకీ ఒకటి మెడ కిందకీ పోతున్నాయి. "నాన్నా, స్కూలు ఫొటో రోజు మాత్రం ఒకటే వెయ్యండి" అని ముందే చెప్పి పెట్టింది.

ఇక మా ఆఫీసు గోల్ఫ్ పందెం, కంప్యూటర్లో నువ్వు చేసిపెట్టిన లెక్కల షీటు. "నా షీటు పనిచేసిందా?" అని అడిగావు. చేసింది. నేనే చెయ్యనివ్వలేదు. విను.

ఈసారి రిసెప్షన్‌కి కొత్తమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయికి పందెం వివరించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. టీవీలో వచ్చే పెద్ద గోల్ఫ్ పోటీ మొదలయ్యే ముందు ఒక్కొక్కరు ఐదుగురు ఆటగాళ్లని ఎంచుకోవాలి, నాలుగు రోజులు వాళ్లు కొట్టిన దెబ్బలన్నీ కూడాలి, ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. గెలిచినవాళ్లు వచ్చే ఏడాది సెలవులు అందరికంటే ముందు ఎంచుకోవచ్చు. చిట్టచివర వచ్చినవాళ్లు వారం రోజులు ఆఫీసు మొత్తానికి టీ పెట్టాలి. అంతా విని ఆ అమ్మాయి, "తక్కువ కొట్టినవాడు గెలుస్తాడా? అయితే అసలు కొట్టకుండా ఇంట్లో కూర్చున్నవాడో?" అంది. అందరం పడీ పడీ నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది.

మన ఆఫీసులో గోల్ఫ్ కర్ర పట్టుకున్న మొహం ఒక్కటీ లేదని నీకు తెలుసు. యజమాని పిచ్చి మేనేజరుకి అంటుకుంది, మేనేజరు పిచ్చి మా మెకానిక్కులందరికీ అంటుకుంది. కానీ ఏటా ఆ నాలుగు రోజులు నువ్వు క్లినిక్కులో డ్యూటీ దిగి సరాసరి మా ఆఫీసుకొచ్చి, నా కుర్చీలో నన్ను లేపి కూర్చుని, షీటు తెరిచేదానివి చూడు, అప్పుడే అది పందెంలా ఉండేది. నువ్వు మీటలు నొక్కుతుంటే అందరూ నీ వెనక నిలబడి ఊపిరి బిగబట్టేవాళ్లు. ఈసారి నా వెనక ఎవరూ నిలబడలేదు. దూరం నుంచి, "అయిందా? ఇంకా కాలేదా?" అని అరిచారంతే.

షీటులో మొదటి వరస ఎప్పుడూ నీదే కదా. తీసేయడానికి చెయ్యి రాలేదు. ఖాళీగా వదిలేస్తే బాగుండదని నీ ఐదుగురినీ నేనే ఎంచాను. నీ పద్ధతిలోనే లే, రికార్డులు చూడకుండా, మొహాలు చూసి. నిద్ర చాలినవాడు, నీళ్లు సరిగ్గా తాగేవాడు, వెన్నునొప్పి దాచుకోనివాడు. "ఏంటి, వదిన కూడా ఆడుతోందా?" అని అందరూ మూగారు. "రేవు నుంచి ఫోన్ చేసి చెప్పింది" అన్నాను. "ఇంకేం చెప్పింది?" అంటే ఇంకా ఏవేవో కల్పించాను. నువ్వు మేనేజరు బీపీ గురించి అడిగావన్నాను, ఆయన పొంగిపోయాడు. ఆ రోజు నీ ఫోన్ రాలేదు. ఆ వారమంతా రాలేదు.

అసలు కొంప ముంచింది ఎక్కడంటే, షీటు నోటీసు బోర్డు మీద పెట్టాలన్నారు. ప్రింటు తీస్తే ఒక వరస ఎగస్ట్రా అయి రెండో కాగితం మీదకి పోతోంది. కుడివైపు చివర ఒక నిలువు వరస ఉంది, దాని నిండా నీ గజిబిజి సూత్రాలు. అందులో ఒక్క అంకె కూడా కనపడ్డం లేదు. ఇదెందుకులే అని తీసేశాను. షీటు ఒక్క కాగితంలో ముచ్చటగా సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండో రోజు సాయంత్రం, ఆ పోటీలో ఏటా చేసేదే, బాగా వెనకబడినవాళ్లని ఇంటికి పంపేశారు. నీ ఐదుగురిలో ముగ్గురు అవుట్. బాగా నిద్రపోయే మొహాలు కదా, అక్కడే నిద్రపోయినట్టున్నారు. పాపం మా ఆవిడ పని అయిపోయిందనుకున్నాను. మూడో రోజు లెక్కలు వేసి చూస్తే నువ్వు మొదటి స్థానం! నాలుగో రోజుకి రెండో స్థానంవాడు నీకు కనుచూపు మేరలో లేడు. నాకు ఒక్క పిసరు అనుమానం రాలేదంటే నమ్ము. మా ఆవిడ గెలుస్తుందంటే అనుమానపడేవాడిని కాదు నేను, ఆ సంగతి నీకు తెలుసు.

మేనేజరు కుర్చీ ఎక్కి నీ పేరు చదివాడు. అందరూ ఈలలు, చప్పట్లు. రిసెప్షన్ అమ్మాయి నిన్ను ఒక్కసారి కూడా చూడలేదు, అయినా అందరికంటే గట్టిగా కొట్టింది. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య, "మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ అంతే, దేంట్లో పెట్టినా ఫస్టే" అని పక్కింటికి బయల్దేరింది, మోకాలి నొప్పి ఊసే లేదు. పిల్ల మాత్రం ముఖం చిట్లించి, "అమ్మ ఇక్కడ లేకుండానే ఫస్టా?" అంది.

మర్నాడు పొద్దున్నే నిదానంగాడు తప్పు పట్టుకున్నాడు. అదే, అందరం నిదానం అని పిలిచే మన మెకానిక్కు, ఏ లిఫ్టు ఆగినా టీ తాగాక బయల్దేరేవాడు. రెండో స్థానం వాడిదే. వాడికి వచ్చే ఏడాది చెల్లెలి పెళ్లికి సెలవు కావాలి, అందుకని జన్మలో మొదటిసారి ఏదో శ్రద్ధగా చదివాడు.

"అన్నా, వదిన ఆటగాళ్లు ముగ్గురు రెండో రోజే ఇంటికి పోయారు కదా. వాళ్లు ఆడని రోజులకి ఏం వేశావ్?"

"ఏం వేస్తాను రా? ఆడలేదుగా. ఖాళీ."

"అంటే సున్నా. తక్కువైతేనే గెలుపు కదా! ఇంటికి పోయినవాడే మంచి ఆటగాడు అయిపోయాడు ఇక్కడ."

ఇక మొదలైంది గొడవ, ఆడని రోజుకి ఎంత వెయ్యాలీ అని. ఆ రోజు అందరికంటే అధ్వానంగా ఆడినవాడి లెక్క వెయ్యమని మేనేజరు. "పోయినందుకు వాళ్లు పడే బాధ చాలదా, మళ్లీ పైన జరిమానా ఎందుకండీ?" అని రిసెప్షన్ అమ్మాయి. అప్పుడు నిదానం బల్ల మీద గుద్ది, "ఎంతైనా వేసుకోండి. సున్నా మాత్రం వెయ్యకండి. సున్నా అంటే ఏంటి? మనిషి లేకపోయినా ఏమీ కాలేదనేగా!" అన్నాడు.

వాడు వాడి చెల్లెలి పెళ్లి కోసం అన్నాడు. నాకు మాత్రం అది నీ గురించి అన్నట్టే వినపడింది. ఒక్క నిమిషం అని చెప్పి బయటికొచ్చి లిఫ్టెక్కాను. మీట నొక్కలేదు. తలుపులు మూసుకున్నాయి, లిఫ్టు కదల్లేదు, నేనూ కదల్లేదు. ఇరవై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను, ఆ రోజు దాకా దేంట్లోనూ ఏడవలేదు. మూడో అంతస్తువాళ్లెవరో పిలిస్తే అది నన్ను పైకి తీసుకుపోయింది. తలుపు తెరుచుకుంటే ఎదురుగా ఒకావిడ. "లిఫ్టు పాడైందా అండీ?" అంది. "లేదండీ, చూస్తున్నాను" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

తర్వాత నీ పాత షీటు నా మెయిల్లో దొరికింది. నేను తీసేసిన ఆ వరస తల మీద "ఆడని రోజులు" అని రాసిపెట్టావు. ఆడని ఒక్కో రోజుకి ఎనభై. నువ్వు ముందే ఆలోచించి పెట్టావు, నేనే పీకి పారేశాను. ఎనభైలు పడగానే నువ్వు మొదటి స్థానం నుంచి చిట్టచివరికి జారావు. నిదానానికి సెలవు దొరికింది. నీ వంతు టీ ఈ వారమంతా నేనే పెడుతున్నాను. బాగాలేదని అందరూ అంటున్నారు, మళ్లీ అందరూ తాగుతున్నారు.

నవ్వుకున్నావు కదా. ఇక ఇది చదువు.

నీకు నేను రాసిన ఉత్తరాలన్నీ అలాంటి షీట్లే. "కులాసా, ఏ లోటూ లేదు, నీ పని నువ్వు నిశ్చింతగా చూసుకో." ప్రతిసారీ సున్నా వేసి పంపించాను. ఈ ఉత్తరం మొదట్లో కూడా అదే రాశాను, చెయ్యి అలవాటు పడిపోయింది. నువ్వు అక్కడ బెంగ పెట్టుకోకూడదని అలా రాశాను. మొగాణ్ని కదా, కాస్త బింకం కూడా. చివరికి నువ్వు లేకపోతేనే ఈ ఇల్లు బాగా నడుస్తున్నట్టు తయారైంది లెక్క. నువ్వు నన్ను ఉండమంటారా, రమ్మంటారా అని అడగాల్సి వచ్చిందంటే తప్పు నాదే.

క్రితం నెల పిల్లకి జ్వరం వచ్చింది. నీకు రాయలేదు. భయపడకు, తగ్గిపోయింది, స్కూలుకి వెళుతోంది. తడిబట్ట వేశాను, మందు వేశాను, నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. నుదుటి మీద చెయ్యి పెడితే, "అమ్మ చెయ్యి చల్లగా ఉంటుంది నాన్నా" అని నా చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టింది. విసుగ్గా కాదు. నేను నొచ్చుకుంటానేమోనని చూసి చూసి, నెమ్మదిగా తీసింది. తొమ్మిదేళ్ల పిల్ల నా మనసు చూసుకోవాల్సి వచ్చింది.

ఇంకోటి. నువ్వు అల్మారాలో పెట్టి వెళ్లిన నీ ఫోను ఉంది చూడు. సముద్రంలో పనిచెయ్యదని వదిలేశావు. దాని డబ్బు కట్టడం నేను మానలేదు, చార్జింగూ మానలేదు. మధ్యాహ్నం ఆఫీసు ఫోను నుంచి దానికి చేస్తాను. ఎందుకో అడగకు. మోగుతుంది, వింటాను. కొన్నిసార్లు అత్తయ్య తీసి "ఎవరూ?" అంటుంది, పెట్టేస్తాను. మొన్న ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "బాబూ, ఎవడో పోకిరీ వెధవ రోజూ మా అమ్మాయి ఫోనుకి చేస్తున్నాడు, కాస్త వాడి సంగతి చూడు" అంది. చూస్తానన్నాను.

నీకు ఆ ఉద్యోగం ఎంత ఇష్టమో నాకు తెలియక కాదు. చెయ్యి విరిగిన వంటవాడికి తుఫానులో కట్టు కట్టిన సంగతి నువ్వు రాస్తే, ఆ అక్షరాలే నవ్వుతున్నట్టు ఉన్నాయి. ఇక్కడి క్లినిక్కులో అలా ఎప్పుడూ లేవు నువ్వు. అందుకే నీ చిన్న కాగితానికి జవాబుగా ముందు ఇంకో ఉత్తరం రాశాను. "ఉండు, ఇంకో ఏడాదే కదా, మేం చూసుకుంటాం" అని. కవర్లో పెట్టి అతికించాను కూడా. పోస్టు డబ్బా దాకా తీసుకెళ్లి, డబ్బా నోట్లో సగం పెట్టి, మళ్లీ లాక్కున్నాను. వెనక నిలబడ్డాయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. దాన్ని చించేసి ఇది రాస్తున్నాను.

నా మాట అడిగావు కదా. నా మాట ఇది: వచ్చేయ్.

నీకు ఉండాలని ఉంటే ఉండు. నేను అలగను, కోపం తెచ్చుకోను, పిల్ల ముందు ఒక్క మాట అనను, కుళాయి కూడా ఎలాగో బాగుచేయిస్తాను. నీ ఇష్టానికి నేను అడ్డు కాను. కానీ ఉండమని మాత్రం నా చేత అనిపించకు. ఆ ఒక్కటీ నా వల్ల కాదు.

ఇట్లు,
అత్తయ్య వెతుకుతున్న ఆ పోకిరీ,
నీ ఇంటాయన