పొయ్యి పైన ఓవెన్, ఓవెన్ పైన గుడ్డ

జూలై 6, ఆదివారం

బిగించేశారు. పొయ్యికి సరిగ్గా పైన, గోడకు బోల్టుల మీద — నా మైక్రోవేవ్ ఓవెన్. అడుగున పొగ లాగే ఫ్యాను, లోపల కూరలు వేడిచేసే డబ్బా. చిమ్నీ వద్దు, వంటబల్ల మీద చోటు తినేసే మామూలు ఓవెన్ వద్దు, ఇదే కావాలని ఇల్లు కట్టేటప్పటి నుంచి పట్టుబట్టాను. ఈయన మొహం చూడాలి... "పొయ్యి మీద ఇంకో పొయ్యా? దిష్టిబొమ్మ లెక్క ఏలాడుతది." కోరుట్లలో తనకు తెలిసిన ఏ ఇంట్లోనూ ఇలాంటిది లేదట. లేకపోతే ఏం? ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా.

దుకాణం నుంచి వచ్చినతను తొందరగా పోదామనుకున్నాడు. నేను పోనిస్తేగా! ఈ గోడ అంత బరువు ఆపుతుందా? పట్టుకుని ఊపి చూపించమన్నాను. దానికి వేరే ప్లగ్గు, ఎర్త్ సరిగ్గా ఉందో లేదో బల్బు పెట్టి చూపించమన్నాను. చివరికి, "మేడం, మీరు టీచరా?" అన్నాడు. అవును నాయనా. జగిత్యాలలో, లెక్కలు.

జూలై 8

కింద బర్నర్ మండుతుండగానే ఈయన పైకి చెయ్యి చాపి వేడి గిన్నె దించబోయాడు. చొక్కా చేతికీ మంటకీ మధ్య బెత్తెడు. అరిచాను. ఇంట్లో కొత్త చట్టం — పొయ్యి ఆపాకే ఓవెన్ తలుపు తీయాలి. గిన్నెను మందపాటి గుడ్డతో, రెండు చేతులతో పట్టుకోవాలి. మూత తీసేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోవాలి. "ఇంట్ల గూడ హోంవర్క్ ఇస్తవా?" అంటాడు. ఇస్తాను.

జూలై 13, ఆదివారం

సిరిసిల్ల నుంచి బాపు వచ్చాడు. పోయిన నెల సాంచాలు అమ్మేశాక ఇక్కడికి రావడం ఇదే మొదలు. ఆ మరమగ్గాల చప్పుడులోనే తిని, అందులోనే నిద్రపోయిన మనిషి. ఇప్పుడు మా ఇంట్లో గోడ గడియారం కూడా వినబడుతోందని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సంచిలోంచి ఒక మడత తీశాడు. ఆకుపచ్చ పాలిస్టరు గుడ్డ. అంచుకు పసుపుపచ్చ పైపింగు, కింద కుచ్చులు. ఓవెన్‌కు కవర్! మొన్న ఫోన్లో ఓవెన్ కొలతలు అడిగితే ఎందుకా అనుకున్నాను...

"నా సాంచ మీద నేసిన ఆఖరి గుడ్డ బిడ్డా. అమ్మబుద్ధి కాలే. మీ అవ్వ మిషిని మీద నేనే కుట్టిన."

స్టూలు ఎక్కి తనే తొడిగాడు. దూరం జరిగి, తల వంచి చూశాడు. "ఎట్లున్నది?"

ఎలా ఉంది? వేడిగాలి బయటికి పోయే కంతలన్నీ మూసుకుపోయాయి. కుచ్చులు సరిగ్గా బర్నర్ మీదికి వేలాడుతున్నాయి. పైగా పాలిస్టరు. అగ్గి తగిలితే కరిగి ఒంటికి అంటుకుపోయే రకం. నాకన్నీ తెలుసు. చెబుదామని నోరు తెరిచాను.

"మస్తున్నది బాపు."

పొయ్యి వెలిగించలేదు. బిర్యానీ తెప్పించాం.

జూలై 14

కవర్ తీసి, మడతపెట్టి, బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టాను. బాపు వచ్చే ముందు తొడగాలి, వెళ్లాక తీసేయాలి. ఆ కాసేపు ఓవెన్ వాడకూడదు, పొయ్యి ముట్టించకూడదు. పాము చావకూడదు, కట్టె విరగకూడదు. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

జూలై 20

ఓవెన్ అడుగున ఉండే జాలీలు ఊడదీశాను. అప్పుడే ఎంత జిడ్డు! వేడినీళ్లు, గిన్నెల సబ్బు, కాస్త వంటసోడా. నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే మెరిశాయి. పూర్తిగా ఆరాకే మళ్లీ బిగించాను.

"కనవడని జాగ, ఎందుకు కడుగుడు?" అని ఈయన. కనబడని జిడ్డే ముందు అంటుకుంటుంది స్వామీ. మూకుట్లో మంట లేచిందనుకో, ఆ ఫ్యాను దాన్ని పైకి లాక్కుంటుంది. అందుకే ఫ్యాను ఆపాలి, పొయ్యి ఆపాలి, మూకుడు మీద మూత పెట్టాలి. నీళ్లు మాత్రం పోయకూడదు. ఓవెన్ లోపలే మంట కనబడితే తలుపు తీయకుండా ప్లగ్గు స్విచ్ ఆపేయాలి. మొత్తం ఈయన చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. రెండోసారి తప్పు పోలేదు.

జూలై 27, ఆదివారం

"ఏములాడ దాటిన బిడ్డా" అని బస్సులోంచి బాపు ఫోన్. నాకు కావలసినంత టైము. కవర్ తొడిగాను, ముడతలు సరిచేశాను. ఈయన హోటల్ నుంచి పూరీలు తెచ్చాడు. మధ్యాహ్నానికి మళ్లీ హోటల్ అన్నమే.

బాపు రాగానే వంటింట్లోకి తొంగిచూసి కవర్‌ను చేత్తో సవరించాడు. కళ్లలో వెలుగు. కానీ తినేటప్పుడు — "ఇంట్ల పప్పు గిట్ల లేదా బిడ్డా?" నవ్వుతూనే అడిగాడు. "వారమంతా వండుడే గదా బాపు, ఇయ్యాల సెలవు" అన్నాను, నేనూ నవ్వుతూనే. ఎంత చక్కగా అబద్ధం అల్లుతున్నాను! నేత ఆయన దగ్గర నుంచే వచ్చి ఉండాలి.

ఆగస్టు 5

స్టాఫ్‌రూంలో నా ఓవెన్ మీదే చర్చ. "నీళ్లు వేడిచేస్తే పేలుతయంట గదా మేడం?" అని సోషల్ టీచర్ సరిత. నేను మొదలుపెట్టాను. బుడగలు రాకుండానే నీళ్లు మరిగిపోతాయి. ఆ తర్వాత చెంచా వేయగానే మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ముందే ఒక చెక్క చెంచా వేసి పెట్టాలి. ఆగాక కాసేపు కదపకూడదు. ఖాళీగా తిప్పకూడదు. పెంకుతో గుడ్లు పెట్టకూడదు. తలుపు సరిగ్గా పడకపోతే అసలు ముట్టుకోకూడదు. "మీరుండంగ మాకు పుస్తకం ఎందుకు మేడం" అంది సరిత.

నిజమే. ఇంత పెద్ద నోరు. ఒక్క బాపు ముందే ఎందుకు మూతపడుతుంది?

ఆగస్టు 10, ఆదివారం

వరసగా రాసుకోవాలి.

బాపు బీరకాయలు తెచ్చాడు, లేతవి. "నువ్వు చేసే పాలు పోసిన బీరకాయ కూర తినక ఎన్నొద్దులయే" అన్నాడు. పైన కవర్. ఎలా వండను? "గ్యాస్ అయిపోయింది బాపు" — నోటికి ఏదొస్తే అది. బాపు సరేనని డాబా మీదికి వెళ్లాడు. నేను బట్టలు ఆరేయడానికి వెనక్కి వెళ్లాను. ఆ మాట ఈయన చెవిన పడలేదు. మామయ్యకు ఛాయ్ పెడదామని పొయ్యి వెలిగించాడు.

వాసన. ఘాటుగా, గొంతు పట్టేసే వాసన. పరిగెత్తాను. కుచ్చులు ముడుచుకుపోయి నల్లగా కారుతున్నాయి, సన్నగా పొగ. పొయ్యి తిప్పేశాను, స్విచ్ ఆపాను, పటకారుతో కవర్ లాగి సింకులో పడేసి కుళాయి తిప్పాను. ఇంకాస్త ఆలస్యమైతే... ఈయన గిన్నె పక్కన బొమ్మలా నిలబడ్డాడు. తిట్టలేకపోయాను. కవర్ కింద పొయ్యి ముట్టించొద్దని పోయినసారి చెప్పాను, ఈసారి చెప్పలేదు. కవర్‌ను తడిగానే వెనక బకెట్లోకి తోశాను.

తిరిగి చూస్తే గుమ్మంలో బాపు. ఓవెన్ వైపు చూడలేదు. పొయ్యి మీద పొగలు కక్కుతున్న ఛాయ్ వైపు చూస్తున్నాడు.

"గ్యాస్ అయిపోయిందంటివి గదా బిడ్డా."

ఈయన ఏదో అనబోతే కళ్లతో ఆపాను. అదే తప్పు. బాపు సంచి తీసుకున్నాడు. "బస్సున్నది, పోత." ఛాయ్ తాగలేదు.

ఆగస్టు 17, ఆదివారం

బాపు రాలేదు. బీరకాయలు వడిలిపోయాయి.

ఆగస్టు 19

ఫోన్ చేశాను. "పనున్నది బిడ్డా." ఏం పని? సాంచాలే లేవు కదా...

ఆగస్టు 24

అవ్వ ఫోన్ చేసింది. మామూలుగా గట్టిగా మాట్లాడే తల్లి, గొంతు తగ్గించి మాట్లాడింది. "నువ్వేమనుకోకు గని... మీ బాపు పోతే పొయ్యి ముట్టిస్తలేవట. ఎన్నిమాట్ల పోయినా హోటల్ కూడేనట. సాంచాలు అమ్ముకున్నోన్ని, పనిలేకచ్చి కూసుంటున్న అనుకుంటుందేమో బిడ్డ, అన్నడు."

మొదట మండింది. నేనా? నా ఇంట్లో బాపుకు అన్నం పెట్టడానికి నేను లెక్కలు చూస్తానా? ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చాను. ఓవెన్ తళతళలాడుతోంది. ఒక్క మరక లేదు. దాని ముందే నిలబడి ఏడ్చాను. ఆయన వైపు నుంచి చూస్తే ఇంకేం కనబడుతుంది? బిడ్డ పొయ్యి ముట్టించదు, అబద్ధం చెబుతుంది. అంతే కదా.

ఆగస్టు 31, ఆదివారం

సిరిసిల్ల వెళ్లొచ్చాను. కవర్ తీసుకెళ్లాను, కాలిన అంచుతో సహా.

సాంచాల కొట్టం ఖాళీ. నేల మీద బోల్టులు ఊడదీసిన గుంతలు. అందులోనే మంచం వేసుకుని కూర్చున్నాడు బాపు. కవర్ ఒళ్లో పెట్టాను. కరిగి గట్టిపడ్డ కుచ్చులను బొటనవేలితో రుద్దాడు.

"అంటుకున్నదా?"

"అంటుకోబోయింది. దాని మీద గుడ్డ కప్పద్దు బాపు. వేడిగాలి బయటికి పోవాలె. కింద మంట ఉంటది. గందుకే నువ్వు అచ్చినప్పుడు పొయ్యి ముట్టియ్యలే. గ్యాస్ ముచ్చట గూడ గందుకే."

కవర్‌ను మడిచి మంచం మీద పెట్టాడు. తర్వాత — "ఫ్రిజ్ మీద కప్పుతరు గదా, గది గూడ గట్లనే అనుకున్న. అద్దు బాపు అని ఒక్క మాట అంటే అయిపోతుండె."

"నీ ఆఖరి గుడ్డ అంటివి. నీ మనసు కష్టపడ్తదని..."

"నేను అచ్చేముందు కప్పుడు, పోయినంక తీసుడు. గంతేనా?"

"ఊఁ."

"సుట్టాలకు చేస్తరు బిడ్డా గట్ల."

లేచి చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాడు. ఛాయ్ తాగొస్తాడు అంది అవ్వ. నా బస్సు టైము దాకా రాలేదు. కవర్ మంచం మీదే ఉంది.

దారంతా కోపం. నా మీద, కొంచెం ఆయన మీద కూడా. చెప్పాను కదా! ఆలస్యంగానే, కానీ చెప్పాను. ఇంకేం చేయాలి?

సెప్టెంబర్ 3

ఫోన్ ఎత్తడం లేదు.

సెప్టెంబర్ 7

గాజు గిన్నెలో నీళ్లు, నిమ్మచెక్కలు వేసి ఓవెన్లో మరిగించాను. ఆవిరికి లోపలి మరకలన్నీ మెత్తబడ్డాయి. ప్లగ్గు తీసి మెత్తటి గుడ్డతో తుడిచాను. తలుపు అంచుల్లో కూడా. గీరితే పాడవుతుంది, నానితే దానంతటదే వస్తుంది. పని ఇలా చేతికి అందినప్పుడు నాకు ధైర్యం వస్తుంది. బాపు వస్తాడు. రాకపోతే మళ్లీ నేనే వెళతాను. సుట్టాన్ని కాను కదా నేను కూడా.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఫోన్ లేదు, ఏమీ లేదు. గేటు చప్పుడైతే చూశాను. బాపు.

నేను పప్పు తాలింపు వేస్తున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఓవెన్ మీద ఏమీ లేదు. బాపు వంటింటి గుమ్మంలో ఆగాడు. మంట చూశాడు. "కూసో బాపు, ఐదు నిమిషాలు" అన్నాను, చెయ్యి ఆపకుండా. కూర్చున్నాడు. ఈయన ఛాయ్ ఇస్తే పట్టుకుని, పేపరు చూస్తూ చల్లార్చేశాడు. కవర్ మాట ఎత్తలేదు. నా ఫోన్లు ఎందుకు ఎత్తలేదో చెప్పలేదు. నేను పొయ్యి ఆపి బియ్యం కడుగుతున్నాను.

లేచి లోపలికి వచ్చాడు. ఇన్నేళ్లలో నా వంటింట్లో ఒక్క వస్తువు ముట్టుకోని మనిషి, చల్లారిన ఛాయ్ గ్లాసుతో నేరుగా ఓవెన్ దగ్గరికి వెళ్లి తలుపు తీశాడు. స్టీలు గ్లాసు.

ఇంకో క్షణమైతే మళ్లీ "మస్తున్నది బాపు" అనేదాన్నే.

"బాపు, ఆగు. అండ్ల స్టీలు పెట్టద్దు. నిప్పురవ్వలు లేస్తయి."

చెయ్యి గాల్లోనే ఆగింది. నా వైపు తిరిగాడు. చేతిలో గ్లాసు చూసుకున్నాడు.

"మరి దేంట్ల పెట్టాలె?"

పింగాణీ కప్పు అందించాను. తనే ఒంపుకున్నాడు. ఏ బటన్ నొక్కాలో చెప్పాను, తనే నొక్కాడు. ఇద్దరం అద్దంలోంచి కప్పు తిరగడం చూస్తూ నిలబడ్డాం.

సంచి ఇంకా గేటు దగ్గరే, చెప్పుల పక్కన పెట్టాడు. ఈ పూటే పోతాడో, ఉంటాడో చెప్పలేదు. నేను అడగలేదు. బియ్యంలో ఇంకో గిద్దెడు కలిపి, రాత్రికి కూడా సరిపోయేలా పొయ్యి మీద పెట్టాను.